అరచేతిలో రూపాయి

మొన్న వేసవి సెలవుల్లో మావాడు లైబ్రరీ నుంచి ఓ మేజిక్ పుస్తకం తెచ్చాడు. రెండ్రోజులు గది తలుపులు వేసుకుని అద్దం ముందు కుస్తీ పట్టి, మూడోనాడు వాళ్ళ నాయనమ్మ ఎదుట రూపాయి బిళ్ళ మాయం చేశాడు. ఆవిడ మెచ్చుకోలేదు సరికదా, "ఇంట్లో ఇలాంటివి వద్దు నాయనా, మంచిది కాదు" అన్నారు. పాపం, వాడి మొహం చిన్నబోయింది.

నాకు మాత్రం రెజినాల్డ్ స్కాట్ గుర్తొచ్చాడు.

స్కాట్‌ది ఇంగ్లండులో కెంట్ ప్రాంతం. పొలం పుట్రా చూసుకునే పెద్దమనిషి. బీరులో వేసే హాప్ తీగల పెంపకం మీద 1574లో ఓ పుస్తకం రాశాడు. అలాంటివాడు 1584లో 'డిస్కవరీ ఆఫ్ విచ్‌క్రాఫ్ట్' అనే లావుపాటి గ్రంథం వెలువరించాడు. నాణేలు, బంతులు, పేకముక్కలతో చేసే గారడీల గుట్టు ఇంగ్లీషులో వివరంగా అచ్చెక్కింది అందులోనే. కానీ ఆయన రాసింది పిల్లల కాలక్షేపానికి కాదు, ముసలమ్మల్ని ఉరితాడు నుంచి తప్పించడానికి.

గారడీకీ ఉరితాడుకీ ఏమిటి సంబంధం అంటారా? 1563 నాటి చట్టం ప్రకారం చేతబడితో మనిషి ప్రాణం తీసిన వాళ్ళకి ఉరిశిక్ష. మరి రుజువో? ఓ బీద ముసలిది గుమ్మంలోకొచ్చి ఇన్ని పాలో, పిండో అడుగుతుంది. లేదు పొమ్మంటే ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోతుంది. నాలుగు రోజుల్లో ఆ ఇంట్లో పిల్లకి జ్వరం వస్తుంది. ఇంకేం కావాలి! 1582లో ఎసెక్స్‌లోని సెయింట్ ఒసిత్ ప్రాంతంలో ఇలాగే ఎందరో ఆడవాళ్ళ మీద అభియోగాలు మోపి, ఇద్దరిని ఉరితీశారు. ఆ విచారణ స్కాట్‌ని కలవరపెట్టింది.

మనిషి చెయ్యగలిగిన దాన్ని దయ్యానికి అంటగట్టకండి అన్నాడాయన. మాటతో ఊరుకోలేదు. లండన్‌లో గారడీ తెలిసిన ఓ ఫ్రెంచివాడి దగ్గర కిటుకులు తెలుసుకున్నాడు. నాణేన్ని అరచేతి మధ్య ఎలా నొక్కి పట్టాలో రాశాడు. నాలుకలో దిగినట్టు కనిపించే ఇనుప చువ్వకి మధ్యలో వంపు ఎలా ఉంటుందో బొమ్మ వేయించి చూపించాడు. పళ్ళెంలో తెగిన తల కనిపించే విద్యా ఉంది. బల్లకి కన్నం, కింద ఓ కుర్రాడు, అంతే! ఇంతా చెప్పి, పొట్టకూటికి ఆడే బీదవాళ్ళ గుట్టు బయటపెడుతున్నందుకు నొచ్చుకున్నాడు కూడా.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఓ హెచ్చరికా ఉందందులో. చీప్‌సైడ్‌లోని ఓ సారాకొట్టులో ఒక గారడీవాడు కత్తితో పొడుచుకునే విద్య చూపించాడు. తాగిన మైకంలో, చొక్కా కింద కట్టుకోవలసిన రేకు మరిచిపోయాడు. ప్రాణం పోయింది.

లోకం మారిపోయిందా? వెంటనే మారలేదు. స్కాట్లండు రాజు జేమ్స్ 1597లో 'డెమనాలజీ' రాసి స్కాట్‌ని పేరుపెట్టి ఖండించాడు. 1603లో ఆయనే ఇంగ్లండుకీ రాజయ్యాడు, మరుసటేడు చట్టం మరింత బిగిసింది. ఆ ఉరికంబాల చట్టం 1736లో గాని పోలేదు. అప్పటికి స్కాట్ పోయి 137 ఏళ్ళు. కాని ఆయన చెప్పిన కిటుకులు మాత్రం 1634 నాటి 'హోకస్ పోకస్ జూనియర్' అనే చిన్న పుస్తకంలోకి, అక్కణ్ణుంచి ఎన్నో పుస్తకాల్లోకి పాకాయి. మావాడు అద్దం ముందు చేసినదీ ఆ నాణెం విద్యే.

ఇదంతా చెప్పి, "గుట్టు నాయనమ్మకి చూపించరా" అన్నాను. వాడు బిక్కమొహంతోనే గుప్పిట విప్పాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, రూపాయి తన అరచేతిలో నొక్కి చూసుకున్నారు. రెండుసార్లు ఠంగుమని కిందపడింది. మూడోసారి నిలిచింది.

చాలాసేపు ఆ చెయ్యి అలాగే పట్టుకుని, మెల్లిగా అన్నారు:

"మా చిన్నప్పుడు బాణామతి చేస్తోందని మా ఊళ్ళో ఒకామెకి పళ్ళు పీకేశారే. మంత్రం పలక్కుండా ఉండాలని. మేమంతా అరుగుల మీద నిలబడి చూశాం."

ఇవాళ్టికీ చేతబడి అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు మన పేపర్లలో వస్తూనే ఉన్నాయి. మేజిక్ పుస్తకాన్ని మీ పిల్లలు ఇంటికి తెస్తే విసుక్కోకండి. ముందు మీరు ఓ పేజీ చదవండి.