గంజాయి పొగకి క్యాన్సర్ రాదా?

పోయిన ఇటుకల పండగకి మా మేనల్లుడు విశాఖపట్నం నుంచి ఊరికి వచ్చాడు. డిగ్రీ రెండో ఏడు. రాత్రి థింసా అయిపోయాక చింతచెట్టు కింద నలుగురు కుర్రాళ్లు కూర్చున్న వైపు నుంచి ఆ వాసన వచ్చింది. ఏజెన్సీలో పుట్టినవాడికి ఆ వాసన ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. నేను వెళ్లి నిలబడితే వాడు సిగరెట్టు వెనక్కి దాచాడు. దాచినందుకు తనే సిగ్గుపడి, "మావయ్యా, బీడీ అయితే క్యాన్సర్ వస్తాది గానీ దీనికి రాదు. అమెరికా డాక్టర్లే తేల్చీసేరు. కావాలంటే ఫోన్లో చూడు" అన్నాడు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. వాడు చెప్పింది అబద్ధమని కొట్టిపారేద్దామంటే, తీరా చదివి చూస్తే అది పూర్తి అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. గంజాయి పేరు చెప్పి మన కుర్రాళ్లను జైళ్లకు పంపడం గురించి చాలా రాసుకున్నాం. ఆ పొగ లోపలికి వెళ్లి ఏం చేస్తుందన్నది మాత్రం మన రాతల్లో పెద్దగా లేదు. అందుకే ఆ ప్రశ్నని ఎవరు, ఎప్పుడు, ఎందుకు అడిగారో వెతుక్కుంటూ వెనక్కి వెళ్లాను.

మన దేశంలో గంజాయి మనిషిని ఏం చేస్తుందని పెద్ద ఎత్తున విచారణ జరిపించింది తెల్లదొరల ప్రభుత్వం. 1893లో లండన్ పార్లమెంటులో ప్రశ్న లేచింది. అదే ఏడు జూలైలో కమిషన్ వేశారు. ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ అంటారు. అధ్యక్షుడు మాక్‌వర్త్ యంగ్. మొత్తం ఏడుగురు సభ్యుల్లో నలుగురు దొరలు, ముగ్గురు దేశీయులు. ఆ ముగ్గురిలో ఒకరు రాజా, ఒకరు కన్వర్, ఒకరు లాలా. అడవి మనిషి లేడు, ఉంటాడని అనుకోవడమూ అత్యాశే. దేశమంతా తిరిగి 1,193 మంది సాక్షుల మాట రాసుకుని 1894లో నివేదిక ఇచ్చారు.

వాళ్ల భయం అంతా పిచ్చి గురించి, నేరాల గురించి. దాని వెనక ఎక్సైజు ఆదాయం లెక్క ఎలాగూ ఉంది. గంజాయి వల్ల పిచ్చాసుపత్రులు నిండిపోతున్నాయని అప్పట్లో అందరూ నమ్మేవారు. కమిషన్ ఆ ఆసుపత్రుల రికార్డులు తీయించి ఒక్కొక్క కేసూ చూసింది. చాలా కేసుల్లో మనిషిని తీసుకొచ్చిన పోలీసులు, పంపిన మేజిస్ట్రేటులు సరైన విచారణ లేకుండానే కారణం గడిలో 'గంజాయి' అని రాసేశారని తేలింది. గడి ఖాళీగా ఉండకూడదు, ఏదో ఒకటి రాయాలి. నూట ముప్పయ్యేళ్ల కిందటి ఆ గడి సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పని పడుతుంది.

ఊపిరితిత్తుల గురించి అడగలేదా అంటే అడిగారు. గంజాయి తాగితే ఆకలి మందగిస్తుందా, రక్తవిరేచనాలు, బ్రాంకైటిస్, ఉబ్బసం వస్తాయా అన్నది సాక్షులకు ఇచ్చిన ప్రశ్నల్లో ఉంది. మితంగా తాగితే నష్టం లేదు, అతిగా తాగితే ఉంది అని తేల్చారు. బెంగాల్లో నౌగావ్ దగ్గర లైసెన్సు మీద సాగు ముందు నుంచీ ఉంది, అది అలాగే సాగింది. నిషేధం వద్దు, పన్ను, లైసెన్సు చాలు అన్నది ఆ నివేదిక సారాంశం. క్యాన్సర్ ఊసు ఆ ప్రశ్నలో లేదు.

అది వాళ్ల తప్పు కాదు. అప్పటికి ఊపిరితిత్తుల క్యాన్సర్ చాలా అరుదైన జబ్బు. 1912లో న్యూయార్క్ డాక్టర్ ఐజాక్ ఆడ్లర్ దాని మీద ఒక పుస్తకం రాస్తే, లోకమంతా వెతికి పోగుచేయగలిగింది 374 కేసులు. ఇంత అరుదైన దాని మీద పుస్తకం రాయడం అవసరమా అన్నట్టు ఆయనే సంజాయిషీ చెప్పుకున్నాడు. తర్వాత మిషను సిగరెట్లు జనం జేబుల్లోకి వచ్చాయి. ఇరవై ముప్పయ్యేళ్లు గడిచాక జబ్బు వచ్చింది. 1950లో ఇంగ్లండులో డాల్, హిల్ అనే ఇద్దరు, అమెరికాలో విండర్, గ్రాహం అనే ఇద్దరు ఆసుపత్రుల్లో రోగుల్ని కూర్చోబెట్టి ఎంత తాగావు, ఎన్నేళ్లు తాగావు అని అడిగి, పొగాకు మీద నేరం రుజువు చేశారు. అంటే కోట్ల మంది రోజూ తాగడం మొదలుపెట్టి, దశాబ్దాలు గడిచి, ఆపైన ఎవరో కూర్చుని లెక్కబెట్టాక గానీ పొగాకు గుట్టు బయటపడలేదు.

గంజాయి వంతు అమెరికాలో వచ్చింది. 1960ల్లో, 70ల్లో అక్కడి కాలేజీ కుర్రాళ్లు దాన్ని విపరీతంగా పట్టుకున్నారు. లాస్ ఏంజిలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డోనాల్డ్ టాష్కిన్ అనే ఊపిరితిత్తుల డాక్టర్ జీవితమంతా ఈ పని మీదే ఉన్నాడు. ఆయన బృందం 1988లో రెండూ అలవాటున్న పదిహేను మందితో గంజాయి, పొగాకు సిగరెట్టు తాగించి కొలిచింది. గంజాయి తాగేటప్పుడు మనిషి దమ్ము పెద్దది లాగుతాడు, పొగని లోపల నాలుగు రెట్లు ఎక్కువసేపు ఆపుకుంటాడు. లోపలికి పోయే తారు మూడు రెట్లు. రక్తంలో చేరే బొగ్గుపొగ విషం, అదే కార్బన్ మోనాక్సైడ్, పెరగడం ఐదు రెట్లు. చిలుం లాగి కళ్లు మూసుకుని గాలి బిగబట్టేవాళ్లను చూసినవారికి ఇందులో వింతేమీ లేదు. పొగాకు పొగలో ఉండే క్యాన్సర్ విషాలు చాలావరకు గంజాయి పొగలోనూ ఉన్నాయి. ఆకు ఏదైనా కాలిస్తే వచ్చేది తారే కదా. కాలిఫోర్నియా ప్రభుత్వం 2009లో గంజాయి పొగని క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది కూడా.

ఇంత చూశాక క్యాన్సర్ రావడం ఖాయం అని టాష్కిన్ అనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. 2006లో ఆ బృందం లాస్ ఏంజిలెస్ జిల్లాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన 611 మందిని, జబ్బు లేని 1,040 మందిని పోల్చి లెక్కకట్టింది. రోజుకొకటి చొప్పున ఏడాది తాగితే ఒక పాలు అని కొలత పెట్టుకున్నారు. ముప్పై పాళ్లు దాటినవాళ్లలో కూడా గంజాయి వల్ల క్యాన్సర్ పెరిగినట్టు తేలలేదు. పొగాకు మాత్రం రోజుకి రెండు పెట్టెలు, ఆపైన తాగినవాళ్లలో ఇరవై రెట్లు పెంచింది. అంతకు ముందు 1997లో ఉత్తర కాలిఫోర్నియాలో దాదాపు 65 వేల మంది వివరాలు చూసినప్పుడు కూడా అంతే. మా మేనల్లుడి ఫోన్లో ఉన్నది ఈ 2006 లెక్కే.

కానీ వాడి ఫోన్లో లేనివి కూడా ఉన్నాయి. 2008లో న్యూజిలాండ్‌లో 55 ఏళ్ల లోపు రోగులను చూస్తే, ఒక్కో పాలు పెరిగినకొద్దీ నూటికి ఎనిమిది చొప్పున ముప్పు పెరిగింది. అందరికంటే ఎక్కువ తాగినవాళ్లలో ఐదు రెట్లు దాటింది. అయితే అక్కడ రోగులు 79 మందే. ఇంత చిన్న లెక్క మీద ఎంత బరువు పెట్టగలం? అదే ఏడాది ట్యునీషియా, మొరాకో, అల్జీరియా దేశాల 430 మంది మగ రోగుల లెక్క వచ్చింది. గంజాయి తాగేవాళ్లలో ముప్పు రెండు రెట్లకు పైనే, పొగాకు వాటా తీసేశాక కూడా. స్వీడన్‌లో 1969–70లో సైన్యానికి పిలిచిన 49 వేల మంది కుర్రాళ్లను నలభై ఏళ్లు రికార్డుల్లో వెంబడించారు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల నాటికే యాభై సార్లకు పైగా గంజాయి తాగామని చెప్పినవాళ్లలో ఆ తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్ రెండింతలు కనిపించింది. ఈ లెక్క 2013లో వచ్చింది. కానీ సైన్యం పిలుపు తర్వాత వాళ్లు ఎంత సిగరెట్టు తాగారో అందులో లేదు.

2015లో అమెరికా, కెనడా, బ్రిటన్, న్యూజిలాండ్‌ల ఆరు అధ్యయనాలను కలిపి 2,159 మంది రోగులతో లెక్కచేశారు. అలవాటుగా తాగేవాళ్లలో ముప్పు పెరిగిన ఆధారం పెద్దగా లేదు అన్నారు, మరీ ఎక్కువ తాగేవాళ్ల సంగతి తేల్చలేం అని కూడా అన్నారు. 2017లో అమెరికా జాతీయ అకాడమీలు అన్నిటినీ చదివి, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ గంజాయి పొగకీ సంబంధం లేదనడానికి ఒక మోస్తరు ఆధారం ఉందని రాశాయి. ఆ నివేదికలోనే, ఏళ్ల తరబడి తాగేవాళ్లకు దగ్గు, కఫం, బ్రాంకైటిస్ ఎక్కువవుతాయనడానికి గట్టి ఆధారం ఉందని కూడా రాశాయి. మొదటి మాట ఫోన్లోకి ఎక్కింది. రెండోది ఎక్కలేదు.

ఇంకో మాట కూడా కుర్రాళ్లలో తిరుగుతోంది, గంజాయి క్యాన్సర్‌ని తగ్గిస్తుందట. దాని మూలం 1975లో వర్జీనియాలో జరిగిన పరీక్ష. గంజాయిలో మత్తునిచ్చే పదార్థాన్ని ఎలుకలకు ఇస్తే ఊపిరితిత్తుల గడ్డ పెరగడం నెమ్మదించింది. ఎలుకలకి ఇచ్చింది మందుగా, పొగగా కాదు. దమ్ము లాగే ఎలుక ఇంతవరకు ఎక్కడా లేదు.

'సంబంధం తేలలేదు' అన్న మాటని మన కుర్రాళ్లు 'సంబంధం లేదు' అని చదువుకుంటున్నారు. ఈ రెంటి మధ్య తేడా ఎంతుందో నాకు పుస్తకాల కంటే ముందు మా మామ్మ నేర్పింది. ఆమె అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, దుంపలు తవ్వుతూ, బిడ్డకి పాలిస్తూ గంటలు గంటలు తాగేది. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా ఊళ్లలో, కొండల్లో, ముఖ్యంగా ఆడవాళ్లకి అది ఉన్న అలవాటే. ఎవరూ తప్పుపట్టలేదు. "అమ్మలందరూ తాగినదే, ఎవులికేటయ్యింది?" అనేది మామ్మ. అంగిలి తెల్లగా పాలిపోయి, పగిలి, చివరికి పుండు పడింది. గంజి కూడా మింగలేని స్థితిలో మోసుకుని కిందికి తీసుకెళ్తే పట్నం ఆసుపత్రిలో ఆలస్యమైందన్నారు.

ఆ పుండుకీ ఆ చుట్టకీ సంబంధం ఉందని విశాఖపట్నం డాక్టర్లు 1930ల నుంచే అనుమానించారు. బొంబాయిలో ఖనోల్కర్, సూర్యాబాయి 1945లో మన దేశపు అలవాట్ల నుంచి పుట్టే క్యాన్సర్ల గురించి రాస్తూ ఈ అంగిలి క్యాన్సర్‌నీ చేర్చారు. అయినా ఊళ్లలో ఎంతమందికి ఏముందో తెలియదు. 1960ల చివర్లో టాటా ఇన్‌స్టిట్యూట్‌ దంతవైద్యులు ఫాలీ మెహతా, డెన్మార్క్ నుంచి వచ్చిన పిండ్‌బోర్గ్ బృందం శ్రీకాకుళం జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి పది వేల మందికి పైగా జనం నోరు తెరిపించి చూసింది. నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. అంగిలిలో మార్పులన్నీ వాళ్లలోనే పోగుపడ్డాయి. ఎవులికేటయ్యింది అన్న మామ్మ ప్రశ్నకి జవాబు దొరికింది. ఎవరో వచ్చి గుమ్మంలో నిలబడి అడిగారు గనుక దొరికింది.

ఇప్పుడు గంజాయి లెక్కల్ని ఆ కళ్లతో చూడండి. లాస్ ఏంజిలెస్ రోగులందరూ అరవై లోపు వాళ్లు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా ముదిరేది ఆ తర్వాత. అక్కడ ఎక్కువమంది వారానికి ఒకటో రెండో తాగేవాళ్లు, వయసు మీద పడగానే మానేసేవాళ్లు. బీడీ మనిషి రోజుకి కట్ట తాగుతాడు. రోజూ చిలుం లాగుతూ ముప్పై నలభై ఏళ్లు గడిపినవాళ్లు ఆ లెక్కల్లో వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. ఇంకొకటి, అమెరికాలో గంజాయిని చాలావరకు ఉత్తినే తాగుతారు. ఉత్తర ఆఫ్రికా లెక్కలో గంజాయి తాగేవాళ్లంతా పొగాకూ తాగేవాళ్లే. మన వైపు కుర్రాడు సిగరెట్టులో పొగాకు సగం రాల్చి, గంజాయి కలిపి మళ్లీ కూరుస్తాడు. కాబట్టి వాడు ఫోన్లో చూపించాల్సింది కాలిఫోర్నియా లెక్క కాదు, ట్యునీషియా లెక్క. పొగాకు గురించి అనుమానం ఎవరికీ లేదు కదా.

ఈ లెక్కని మన దగ్గర తీయాలంటే ముందు మనిషి నిజం చెప్పాలి. 1985 మత్తుమందుల చట్టం వచ్చాక గంజాయి తాగినందుకే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. ఇరవై కిలోల మోత దొరికితే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు. మోసేది మన కుర్రాడు, మోయించేది ఎవరో అందరికీ తెలుసు. 2021లో పోలీసులు ఏజెన్సీ కొండల్లో వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోలు ఒక్కచోట పోసి తగలబెట్టారు. మొక్కల్ని లెక్కబెట్టారు, కిలోల్ని లెక్కబెట్టారు, కేసుల్ని లెక్కబెట్టారు.

మేనల్లుడికి ఇదంతా అదే రాత్రి చెప్పలేదు. చదివాక చెప్పాను. క్యాన్సర్ వస్తుందని వాణ్ణి బెదిరించలేదు, ఆధారం అంత దూరం వెళ్లలేదు. రోజూ పొద్దున్నే కఫం పడుతోందా అని అడిగాను. తల దించుకున్నాడు. దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించుకోవాలిరా, క్షయ మన గూడేల్ని వదల్లేదు అని ఆసుపత్రికి తీసుకెళ్లాను. చీటీ రాసే ఆవిడ అడిగింది, "బీడీ, సిగరెట్టు, చుట్ట ఏమైనా అలవాటుందా?" వాడు నా వైపు చూశాడు, గుమ్మం దగ్గర నిలబడ్డ హోంగార్డు వైపు చూశాడు. "అప్పుడప్పుడూ సిగరెట్టు" అన్నాడు. ఆవిడ అదే రాసుకుంది.