ఫార్ములా ఈ 2022–23: హుస్సేన్‌సాగర్ ఒడ్డుకు వచ్చిన సీజన్

ఫార్ములా ఈ తొమ్మిదో సీజన్ 2023 జనవరి 14న మెక్సికో సిటీలో మొదలై జులై 30న లండన్‌లో ముగిసింది. 11 నగరాలు, 16 రేసులు, 11 జట్లు, 22 కార్లు. ఫార్ములా వన్ కార్లలాగే ఇవీ చక్రాలు బయటికి కనిపించే ఒంటి సీటు కార్లు. పెట్రోలు బదులు బ్యాటరీతో నడుస్తాయి. ఈ సీజన్‌లో నాలుగో రేసు ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో, హుస్సేన్‌సాగర్ పక్కన జరిగింది. 2013 అక్టోబరులో గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ ఆఖరి ఇండియన్ గ్రాండ్ ప్రి జరిగాక, అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య (ఎఫ్‌ఐఏ) ప్రపంచ ఛాంపియన్‌షిప్ కార్ల రేసు మన దేశానికి రావడం అదే మొదలు. హైదరాబాద్‌కు మాత్రం అదే మొదలు, ఇప్పటివరకు అదే ఆఖరు.

అంతకుముందు

హైదరాబాద్‌కు రేసు తెచ్చే ఆలోచన ఫార్ములా ఈ పుట్టకముందు నుంచీ ఉంది. 2003లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఫార్ములా వన్ నిర్వాహకులతో అవగాహన ఒప్పందం దాకా వెళ్లింది. ట్రాక్ కోసం నగర శివార్లలో స్థలం గురించి కూడా మాటలు నడిచాయి. 2004 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, కొత్త సర్కారు దాన్ని పక్కన పెట్టింది. చివరికి ఫార్ములా వన్ దేశానికి వచ్చింది గానీ గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌కు వచ్చింది. 2011 నుంచి 2013 వరకు మూడేళ్లు నడిచింది. మూడుసార్లూ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. ఆ తర్వాత పన్నుల పేచీలతో, డబ్బు లెక్కలతో అదీ ఆగిపోయింది.

ఫార్ములా ఈ 2014 సెప్టెంబరు 13న బీజింగ్‌లో మొదలైంది. తొలి రేసు నుంచీ ఉన్న జట్లలో మహీంద్రా ఒకటి. మొదటి సీజన్‌లో ఆ జట్టుకు చెన్నైకి చెందిన కరుణ్ చంధోక్ కారు నడిపాడు. 2017లో బెర్లిన్‌లో స్వీడన్ డ్రైవర్ ఫెలిక్స్ రోసెన్‌క్విస్ట్ మహీంద్రాకు తొలి గెలుపు తెచ్చాడు. 2020–21 నుంచి ఈ పోటీకి ప్రపంచ ఛాంపియన్‌షిప్ హోదా వచ్చింది. అప్పటికే టాటాల చేతిలో ఉన్న జాగ్వార్ కూడా బరిలో ఉంది. అంటే రెండు జట్ల వెనక భారతీయ యజమానులున్నా, ఇక్కడ ఒక్క రేసు కూడా లేదు. 2022 జనవరిలో అప్పటి పురపాలక మంత్రి కె.టి. రామారావు (కేటీఆర్) సమక్షంలో ఫార్ములా ఈ, తెలంగాణ ప్రభుత్వం ఆసక్తి పత్రం మార్చుకున్నాయి. హైదరాబాద్‌లోనే కార్యాలయమున్న గ్రీన్‌కో గ్రూపు ప్రమోటరుగా ముందుకొచ్చింది. సౌర, పవన విద్యుత్తు చేసే కంపెనీకి కరెంటు కార్ల రేసు కన్నా మంచి ప్రచారం ఏముంటుంది.

కొత్త కారు, కొత్త లెక్క

ఈ సీజన్‌ను మిగతావాటి నుంచి వేరు చేసింది మూడో తరం కారు. పాత కారుకన్నా చిన్నది, తేలికైనది. వెనక మోటారు శక్తి 350 కిలోవాట్లు, అంటే దాదాపు 470 హార్స్‌పవర్. ముందు ఇరుసుకు మరో మోటారు ఉండేది గానీ ఈ సీజన్‌లో అది బండిని నడిపేది కాదు. బ్రేకు వేసినప్పుడు చక్రం తిరుగుడు నుంచి కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపడమే అప్పట్లో దాని పని. ముందూ వెనకా కలిపి 600 కిలోవాట్ల దాకా అలా వెనక్కి రాబట్టుకోవచ్చు. అంత శక్తితో మోటార్లే బండిని ఆపగలవు కాబట్టి వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులే పెట్టలేదు. మొదటి పరీక్షల్లో కొన్ని కార్లు ఆగాల్సిన చోట ఆగలేదు. భయం పట్టుకుని, అత్యవసర బ్రేకు ఒకటి తర్వాత అదనంగా బిగించారు. టైర్లు మిషెలిన్ నుంచి హాన్‌కూక్ చేతికి వెళ్లాయి. అభిమానుల ఓట్లతో డ్రైవర్‌కు అదనపు శక్తి ఇచ్చే ఫ్యాన్‌బూస్ట్‌ను ఎత్తేశారు. పోయినందుకు బాధపడినవాళ్లు తక్కువే.

రేసు పొడవునూ మార్చారు. అంతకుముందు 45 నిమిషాలు, ఆపైన ఒక ల్యాప్ అని ఉండేది. ఈ సీజన్ నుంచి ఇన్ని ల్యాపులని ముందే చెబుతారు, మధ్యలో సేఫ్టీ కారు వస్తే కొన్ని కలుపుతారు. అటాక్ మోడ్ మాత్రం అలాగే ఉంది. డ్రైవర్ మలుపు బయటి అంచున గీసిన దారిలోకి కారును మళ్లిస్తే, 300 కిలోవాట్ల బదులు కొన్ని నిమిషాలపాటు 350 కిలోవాట్లు వాడుకోవచ్చు. ఆ మళ్లింపులో ఒకటి రెండు స్థానాలు పోతాయి. ఎప్పుడు పోగొట్టుకోవాలో తెలిసినవాడే తర్వాత లాభపడతాడు.

అసలు ఆట ఉన్నది బ్యాటరీలో. అందులో రేసుకు వాడుకోదగ్గ శక్తి 38.5 కిలోవాట్ అవర్లు, మన కరెంటు బిల్లు భాషలో 38.5 యూనిట్లు. తెలంగాణలోని ధర్మపురి దగ్గర గోదావరి ఒడ్డు పొలాల్లో వరికి నీళ్లు పెట్టే 5 హెచ్‌పీ మోటారు పది గంటలకు పైగా నడిస్తే తాగే కరెంటు అది. ఈ కారు దాన్ని ముప్పావు గంటలో ఖర్చు పెడుతుంది. అదీ చాలదు. రేసుకు కావలసిన శక్తిలో దాదాపు 40 శాతం బ్రేకుల నుంచి తిరిగి సంపాదించుకోవాలి. అందుకే డ్రైవర్లు నిటారు దారి చివరిదాకా కాలు తొక్కి పట్టరు. మలుపు రాకముందే కాలు తీసేసి బండిని జారనిస్తారు. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ కరెంటు తగలేస్తుంటే, వెనకున్నవాడు ఆ చాటున పొదుపు చేసుకుంటాడు. కొన్ని ట్రాకుల మీద ముందుండటానికే ఎవరూ ఇష్టపడలేదు. జూన్‌లో పోర్ట్‌లాండ్ రేసు చూసినవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. అక్కడ గుంపంతా ఒకరి వెనక ఒకరు దాక్కుంటూ, ల్యాప్‌ల కొద్దీ నాయకత్వం మార్చుకుంటూ పోయారు.

కరెంటు కార్లు గనుక పొగ లేదన్న మాట ట్రాక్ వరకే నిజం. తెలంగాణ గ్రిడ్‌లో పెద్ద భాగం సింగరేణి బొగ్గు. ధర్మపురికి దిగువన గోదావరి మీదే రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. నిర్వాహకులు తమ కర్బన లెక్కను ఇతర ప్రాజెక్టులతో సరిదిద్దుకుని నికర సున్నా అంటారు. వాళ్ల కాలుష్యంలో ఎక్కువ వాటా సరుకును ఖండాలు దాటించడం వల్లే వస్తుంది. కార్ల వాటా కొంచెమే.

ఫిబ్రవరి 11

హైదరాబాద్ ట్రాక్ పొడవు 2.8 కిలోమీటర్ల పైచిలుకు, 18 మలుపులు. ఎన్టీఆర్ గార్డెన్స్, లుంబినీ పార్కు, ప్రసాద్స్ ఐమ్యాక్స్, కొత్త సచివాలయం చుట్టూ అల్లారు. సచివాలయం అప్పటికి ప్రారంభం కాలేదు, ఏప్రిల్ 30న అయింది. దగ్గర్లోని 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహమూ ఏప్రిల్‌లోనే ఆవిష్కరించారు. కాబట్టి టీవీలో ప్రపంచం చూసిన హైదరాబాద్, ఇంకా పూర్తికాని హైదరాబాద్. తారు కొత్తగా వేశారు, కాంక్రీటు దిమ్మెలు, కంచెలు పెట్టారు. ఎన్టీఆర్ మార్గ్, తెలుగుతల్లి ఫ్లైఓవర్ వైపు రాకపోకలు రోజుల తరబడి మళ్లించారు. ఖైరతాబాద్, లక్డీకాపూల్ దాటి ఆఫీసుకు వెళ్లేవాళ్లు ఆ వారం రేసు పేరెత్తితే చాలు మండిపడ్డారు.

క్వాలిఫయింగ్‌లో మిచ్ ఎవాన్స్ జాగ్వార్‌ను పోల్ మీద, అంటే అందరికన్నా ముందు, పెట్టాడు. ఇద్దరి మధ్య సాగే ఆఖరి పోటీలో వెంట్రుకవాసిలో ఓడింది జాన్ ఎరిక్ వెర్న్. ఈ ఫ్రెంచివాడు 2018, 2019ల్లో వరసగా రెండుసార్లు ఛాంపియన్. సీజన్‌కు ముందు డీఎస్, పెన్స్కే కలిసి కట్టిన కొత్త జట్టులో చేరాడు. అప్పటిదాకా ఆ కారులో అంత వేగం కనబడలేదు.

రేసులో జాగ్వార్లు బాగానే ముందున్నాయి. మూడో మలుపు హెయిర్‌పిన్ దగ్గర అంతా తారుమారైంది. సామ్ బర్డ్ బ్రేకు ఆలస్యంగా వేసి సొంత జట్టు సహచరుడు ఎవాన్స్‌నే గుద్దాడు. టాటా గుర్తున్న రెండు కార్లూ ఒకే చోట, ఒకే క్షణంలో పోటీ నుంచి పోయాయి.  అంతకుముందు రేసుల్లో జోరుమీదున్న ఆండ్రెట్టి డ్రైవర్ జేక్ డెన్నిస్‌ను వెనక నుంచి రెనే రాస్ట్ గుద్దాడు, డెన్నిస్‌కు ఒక్క పాయింటు కూడా రాలేదు. జేక్ హ్యూస్ కారు ఆగిపోయాక సేఫ్టీ కారు వచ్చింది.

దాంతో ముందు వెర్న్, వెనక ఎన్విజన్ డ్రైవర్ నిక్ కాసిడీ. ఈ రేసును గుర్తుంచుకోదగ్గదిగా చేసినవి ఆ చివరి ల్యాప్‌లే. కాసిడీ బ్యాటరీలో కరెంటు ఎక్కువ మిగిలి ఉంది. కాగితం మీద లెక్క వేస్తే దాటిపోవాల్సింది అతనే. వెర్న్ నిటారు దారుల్లో పొదుపు చేసి, దాటడానికి వీలుండే మలుపుల దగ్గర మాత్రం లోపలి గీతను వదలకుండా, కావలసిన చోటే శక్తి ఖర్చు పెట్టాడు. గీత దాటేసరికి ఇద్దరి మధ్య తేడా అర సెకను కూడా లేదు. డీఎస్ పెన్స్కేకు అదే తొలి గెలుపు. మూడో స్థానంలో వచ్చిన సెబాస్టియన్ బుయెమీ అనుమతించిన శక్తిని మించి వాడినట్టు తేలడంతో సమయ జరిమానా పడి వెనక్కి పోయాడు. ఆ మెట్టు పోర్షే డ్రైవర్ ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్టాకు దక్కింది. మహీంద్రా డ్రైవర్ ఆలివర్ రోలండ్ ఆరో స్థానంలో వచ్చాడు. గ్రిడ్ మీద ఉన్న 22 మందిలో భారతీయుడు ఒక్కడూ లేడు. ముంబయి కుర్రాడు జెహాన్ దారువాలా మహీంద్రాకు రిజర్వ్‌గా ఉన్నాడు అంతే.

మిగతా సీజన్

హైదరాబాద్ నుంచి బయల్దేరేటప్పుడు పోర్షే డ్రైవర్ పాస్కల్ వేర్లైన్‌కు 80 పాయింట్లు, డెన్నిస్‌కు 62. వేర్లైన్ సౌదీలోని దిరియాలో రెండు రేసులూ గెలిచి ఉన్నాడు. అతనే ఛాంపియన్ అనుకున్నారు. కేప్‌టౌన్‌లో డా కోస్టా గెలిచాడు. అదే కేప్‌టౌన్‌లో మహీంద్రాకు తల దించుకోవాల్సిన రోజు వచ్చింది. వెనక సస్పెన్షన్‌లో లోపం తేలి, తన కార్లనూ, తన యంత్రాలు వాడుతున్న ఆప్ట్ కుప్రా కార్లనూ రేసు నుంచి తప్పించాల్సి వచ్చింది. సీజన్ మధ్యలో మొనాకో తర్వాత రోలండ్ జట్టును వదిలేశాడు. మెక్సికోలో లూకస్ డి గ్రాసీ పోల్ కొట్టి మూడో స్థానంలో నిలిచిన జట్టు, ఏడాది చివర 11 జట్లలో పదో స్థానంలో మిగిలింది.

ఎవాన్స్ సావో పౌలోలోనూ బెర్లిన్‌లోనూ గెలిచి తిరిగి లెక్కలోకి వచ్చాడు. కాసిడీ బెర్లిన్, మొనాకో, పోర్ట్‌లాండ్‌లలో గెలిచాడు. జకార్తాలో మాక్సిమిలియన్ గుంటర్ మాసెరాటీకి గెలుపు తెచ్చాడు. ఒంటి సీటు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆ పేరుకు 1957లో ఫాంజియో తర్వాత అదే మొదటి విజయం. రోమ్‌లో తొలిరోజు పెద్ద ప్రమాదం, ఎర్రజెండా. రెండోరోజు ఎవాన్స్ వెళ్లి కాసిడీనే గుద్దడంతో ఇద్దరికీ నష్టం, లాభం డెన్నిస్‌కు. లండన్ తొలి రేసులో రెండో స్థానంలో వచ్చి డెన్నిస్ టైటిల్ పట్టేశాడు. చివర 229 పాయింట్లు అతనివి, 199 కాసిడీవి, 197 ఎవాన్స్‌వి. జట్ల టైటిల్ 304 పాయింట్లతో ఎన్విజన్‌కు, 292తో జాగ్వార్ రెండోది.

డెన్నిస్ జట్టు ఆండ్రెట్టి వాడింది పోర్షే యంత్రం. ఎన్విజన్ వాడింది జాగ్వార్ యంత్రం. తయారుచేసిన కంపెనీలు తమ సరుకు కొన్న జట్ల చేతిలోనే రెండు టైటిళ్లూ పోగొట్టుకున్నాయి. జాగ్వార్ 12 పాయింట్ల తేడాతో ఓడింది. హైదరాబాద్ మూడో మలుపులో ఆ రెండు కార్లూ మిగిలి ఉంటే అన్న ప్రశ్న అడగకుండా ఉండటం కష్టం.

రెండో ఏడాది

రేసు వల్ల నగరానికి దాదాపు 8.4 కోట్ల డాలర్ల ఆర్థిక ప్రభావం కలిగిందని నీల్సన్ నివేదికను చూపించి అప్పటి ప్రభుత్వం చెప్పింది. ఇలాంటి అంకెల్లో హోటల్ గదుల నుంచి టీవీలో కనబడ్డ ప్రచార విలువ దాకా అన్నీ కలుపుతారు. వాటిని చేతికి వచ్చిన డబ్బుగా చదవకూడదు. మరోవైపు ప్రమోటరు సంస్థ రెండో ఏడాదికి తప్పుకుంది. 2023 అక్టోబరు 30న పురపాలక శాఖకు, ఫార్ములా ఈకి మధ్య కొత్త ఒప్పందం కుదిరింది. పదో సీజన్ రేసు 2024 ఫిబ్రవరి 10న జరగాలి.

డిసెంబరులో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2024 జనవరి 5న, రేసుకు అయిదు వారాల ముందు, ఒప్పందాన్ని రాష్ట్రం నెరవేర్చలేదంటూ ఫార్ములా ఈ హైదరాబాద్‌ను రద్దు చేసింది. దాని చోట ఇంకో నగరాన్ని పెట్టే సమయం లేక, దిరియాకు సావో పౌలోకు మధ్య ఏడు వారాలు క్యాలెండర్ ఖాళీగా పోయింది. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) నుంచి నిర్వాహకులకు వెళ్లిన దాదాపు 55 కోట్ల రూపాయల చెల్లింపుకు సరైన అనుమతులు లేవన్న ఆరోపణపై 2024 డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) కేటీఆర్‌పైనా, ఇద్దరు అధికారులపైనా కేసు పెట్టింది. తప్పేమీ జరగలేదని, నగరానికి రేసు నిలబెట్టడానికే ఆ డబ్బు చెల్లించామని కేటీఆర్ అంటున్నారు.

2004లోనూ, 2024లోనూ ఈ నగరంలో రేసు ఆగింది ట్రాక్ బాగోలేకో, చూసేవాళ్లు లేకో కాదు. సంతకం పెట్టినవాళ్లు మారిపోయారు. గ్రేటర్ నోయిడాలో ప్రైవేటు సంస్థ కట్టిన ట్రాక్ కనీసం అక్కడే ఉంది, 2023 సెప్టెంబరులో మోటోజీపీ అక్కడే జరిగింది. హైదరాబాద్‌లో దిమ్మెలు తీసేస్తే మళ్లీ మామూలు రోడ్డే. 2022 డిసెంబరులో ఇండియన్ రేసింగ్ లీగ్ కూడా ఇదే దారి మీద కార్లు నడిపింది. ఆ లీగ్‌లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ అనే జట్టుంది, 2024లో నటుడు నాగచైతన్య దాన్ని కొన్నాడు. ఆ ఏడాది లీగ్ రేసులు మాత్రం తమిళనాడులో, చెన్నై, కోయంబత్తూరుల్లో జరిగాయి.