పాలమూరు గుట్టల మీద తరాల లెక్క

సెల్‌ఫోను చరిత్ర రాసేవారు దానిని తరాలుగా విడదీసి చెబుతారు. 1979లో జపానులో మొదలైన ఒకటో తరం, 1991 జూలై 1న ఫిన్లాండులో తొలి జీఎస్ఎం పిలుపుతో పుట్టిన రెండో తరం, 2001లో మళ్ళీ జపానులోనే వెలసిన మూడో తరం, ఆపైన నాలుగు, అయిదు. పాఠ్యపుస్తకంలోని రాజవంశాల పట్టికలాగా ముచ్చటగానే ఉంటుంది. కానీ నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నిలబడి ఈ పట్టికను చదివితే ఎక్కడో లెక్క తప్పినట్టనిపిస్తుంది. ఇక్కడి బతుకుల్ని మార్చిన సంవత్సరాలు వేరు.

ఈ నేలకు వానలు తక్కువ, రాతిగుట్టలు ఎక్కువ. సేద్యం మీద బతకలేక గుంపు మేస్త్రీల వెంట మట్టిపనికి దేశమంతా తిరిగిన కూలీలకు ‘పాలమూరు లేబర్’ అన్న పేరే స్థిరపడిపోయింది. నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు వారు ముంబై, పుణె దారి పట్టారు. దేవరకొండ తండాల వారికి హైదరాబాదు. ముసలివాళ్ళూ పసిపిల్లలూ ఊళ్ళో మిగిలిపోయేవారు. అందుచేత ఇక్కడ ఫోను చరిత్ర అంటే వలస చరిత్రలో ఒక అధ్యాయమే.

సెల్లుకు ముందు ఎస్టీడీ బూతు. (‘చరవాణి’ అన్న మాట అందమైనదే. మావైపు మాత్రం సెల్లు అనకపోతే ఎవరూ పలకరు.) ముంబై నుంచి కొడుకు ఊళ్ళోని బూతుకు ఫోను చేసేవాడు. బూతు యజమాని ఒక కుర్రవాణ్ణి ఇంటికి పరుగెత్తించేవాడు. పది నిమిషాల తర్వాత కొడుకు మళ్ళీ చేసేవాడు. చిన్నప్పుడు దేవరకొండలో అలాంటి బూతు ముందు నిలబడి చూసిన దృశ్యం నాకింకా గుర్తే. డబ్బు కట్టి మాట్లాడేవారి చూపు మీటరు మీది ఎర్రంకెల మీదే ఉండేది. “అంత మంచిదే” అన్న రెండు మాటల్లో ఆరు నెలల కబుర్లు ముగిసేవి.

మన దేశంలో ప్రజలకందిన సెల్ సేవ నేరుగా రెండో తరంతోనే మొదలైంది. 1995 జూలై 31న కలకత్తా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కు టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్ వచ్చాయి. ఆ పేర్లిప్పుడు ఎందరికి గుర్తుంటాయి? మొదటిది ఐడియాలో, రెండోది ఎయిర్‌టెల్‌లో కలిసిపోయాయి. ఆ తొలి రోజుల్లో నిమిషానికి 16 రూపాయల దాకా ఛార్జి. పైగా వచ్చిన కాలుకూ కట్టాలి. మట్టి మోసే మనిషికి అది విమానయానంతో సమానం.

నా లెక్కలో అసలు మలుపు 2003. ఆ ఏడాది ఇన్‌కమింగ్ ఉచితమైంది. తరం మారలేదు, టవరూ మారలేదు. డబ్బెవరు కట్టాలన్న నియమం మాత్రమే మారింది. నోకియా 1100 విడుదలైనదీ ఆ సంవత్సరమే. దాని నెత్తిన ఉన్న టార్చి లైటు, రాత్రి కరెంటు వచ్చినప్పుడు చేను గట్టు మీద నడిచి బోరు మోటరు వేసుకోవలసిన రైతుకు ఫోనుతో సమానమైన సౌకర్యం.

మిస్‌డ్ కాలు రాజ్యం ఏలింది అప్పుడే. అవతలివారు ఎత్తేదాకా మాటల దారి బిల్లు మొదలుకాదు. ఆ సందులోంచి జనం ఒక భాషనే కల్పించుకున్నారు. ఒక రింగంటే చేరాను, రెండంటే నువ్వు చెయ్యి. అక్షరాలు రానివారికి సైతం వచ్చిన లిపి అది.

అక్షరాలు వచ్చినవారి సంగతి మరీ విచిత్రం. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలు 160 పడతాయి. తెలుగులో రాస్తే యూనికోడ్ సంకేతాలు 70 మాత్రమే. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే ఆరు ఖర్చవుతాయి. అంత పొదుపుగా రాసి పంపినా, అవతలి ఫోనులో ఖతి లేకపోతే డబ్బాలే కనిపించేవి. కంప్యూటరులో ఆ డబ్బాలతో కుస్తీ పట్టిన మనకు ఆ బాధ వేరే చెప్పాలా? యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగు చేరిందీ 1991లోనే, జీఎస్ఎం పుట్టిన ఏడే. కవలలు కలుసుకోవడానికి అంత కాలం పట్టింది.

2006 మార్చి 1న బీఎస్ఎన్ఎల్ ‘వన్ ఇండియా’ పథకంతో దేశంలో ఎక్కడికైనా నిమిషం ఒక రూపాయి అయింది. అయినా వలసకూలికి ఒక చిక్కు మిగిలింది. ఉచిత ఇన్‌కమింగ్ సొంత సర్కిల్‌లోనే. మక్తల్ సిమ్ముతో ముంబై చేరితే అది రోమింగ్, ఇంటినుంచి భార్య చేసిన కాలుకూ ఇతడే కట్టాలి. అందుకే ఊరిదొకటి, పనిచోటిదొకటి, రెండు సిమ్ములు చొక్కా జేబులో చీటీలో చుట్టి ఉండేవి.

మూడో తరం గురించి చెప్పడానికి ఇక్కడ ఎక్కువ లేదు. 2010 వేలంలో ప్రభుత్వానికి 67 వేల కోట్ల రూపాయలకు పైగా వచ్చాయి. కానీ పాత 900 మెగాహెర్ట్జ్ తరంగం దూరం పోతుంది. కొత్తగా అమ్మిన 2100 అంత దూరం పోదు, టవర్లు దగ్గరదగ్గరగా కావాలి. గుట్టల నడుమ ఇళ్ళు పలుచగా ఉన్నచోట అన్ని టవర్లు పెట్టేదెవరు? మూడో తరం పట్టణాల్లో ఆగిపోయింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక నాలుగో తరం పల్లెల దాకా పాకింది, కూలిపనిలో ఉన్న తల్లి ఊళ్ళోని బిడ్డ ముఖం చూడగలిగింది. అది ఎంత చెప్పినా తక్కువే. 2022 అక్టోబరులో అయిదోది హైదరాబాదు చేరింది. ఈలోగా 2019-20లలో ఎయిర్‌టెల్ మూడో తరాన్ని మూసివేసింది, రెండో తరాన్ని ముట్టుకోలేదు. తండ్రి ఉండగానే కొడుకు పోయిన వంశమిది.

ఇక 2018 చివర కంపెనీలు కనీస రీఛార్జి నియమం పెట్టాయి. నెలనెలా కట్టకపోతే వచ్చే కాలూ ఆగిపోతుంది. 2003లో ఇచ్చినదానిలో కొంత అలా వెనక్కు పోయింది. ఈ సంగతి ఏ తరాల పట్టికలోనూ కనిపించదు.

మా ఊళ్ళో ఒక అవ్వ ఉంది. కొడుకు పుణెలో ఉంటాడు. ఆమె మీటల ఫోనుకు నెలనెలా ఆయనే డబ్బు వేయిస్తాడు, ఎంతసేపు మాట్లాడినా అదనంగా పైసా పడదు. అయినా సాయంత్రం కాగానే గడప మీద కూర్చుని ఒక్క రింగిచ్చి పెట్టేస్తుంది.

“ఎత్తేదాక ఆగరాదే అవ్వా” అన్నాన్నేను.

“పైసలు పోతయి కొడుకా” అంది.