కొండెక్కిన రేవు

నదిలో స్నానం చేయడానికి కట్టిన మెట్లు కొండ మీద ఎందుకున్నాయి? పిల్లలూ, నాగార్జునకొండ మీద ఆ రేవును చూసినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. సున్నపురాయి పలకలను ఎంత పొందిగ్గా చెక్కి పేర్చారో! ఇక్ష్వాకు రాజుల కాలంలో, అంటే దాదాపు 1,700 ఏళ్ల కిందట, అది కింద లోయలో కృష్ణ ఒడ్డున ఉండేది. అప్పుడా ఊరి పేరు విజయపురి.

ఎంత ఊరనుకున్నారు! బౌద్ధ విహారాలు, గుళ్లు, మెట్ల మీద కూర్చుని చూసే రంగస్థలం అన్నీ ఉండేవి. రాజు వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి కట్టించిన మహాచైత్యం అనే పెద్ద స్తూపం పునాదిని పైనుంచి చూస్తే ఆకులున్న బండిచక్రంలా ఉంటుంది. ఆ కాలంలో దానాలు చేసి, తమ పేర్లు రాళ్ల మీద చెక్కించుకున్న స్త్రీలు ఎందరో. నాకు ఆ ఊళ్లో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

ఆ తర్వాత రాజ్యం పోయింది, అడవి కమ్మింది. 1926లో మాచర్ల బడిపంతులు సూరపరాజు వెంకటరామయ్య అక్కడో పాత స్తంభం చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. తవ్వకాలు మొదలయ్యాయి. ఆయన పేరు ప్రతి పాఠ్యపుస్తకంలో ఉండాల్సింది.

1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని ముందే తెలిసి 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం బృందం కాలంతో పందెం వేసినట్టు తవ్వింది. తొమ్మిది కట్టడాలను విప్పి, కొండ మీదికి చేర్చి మళ్లీ కట్టారు. అందులో మన రేవూ ఉంది. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. ఈ రేవు మాత్రం కొండెక్కి బతికింది.

కృష్ణ ఒడ్డునే ఉన్న మరో బౌద్ధ క్షేత్రం అమరావతికి ఆ అదృష్టం లేదు. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చేసరికే దీపాలదిన్నె అని పిలిచే స్తూపం దిబ్బను ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వేస్తున్నారు. బుద్ధుడి కథలు చెక్కిన ఎన్నో పలకలు బట్టీల్లో కాలి ఇళ్లకు సున్నమయ్యాయి. మిగిలినవాటిలో చాలా భాగం చెన్నై, లండన్ మ్యూజియాలకు చేరింది. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

అలాంటి నష్టాన్ని ఆపడానికే 1904లో ఒక చట్టం, 1958లో మరొకటి వచ్చాయి. ఇలాంటి చోట్ల నీలం బోర్డు కనిపిస్తుందే, అది ఈ రెండో చట్టం మాటే. కేంద్రం రక్షించే కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త ఇల్లు కట్టకూడదు. గోడ మీద పేరు గీకి పాడుచేసినా నేరమే: రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

కానీ బోర్డు రావాలంటే ముందు ఎవరో ఒకరు చూడాలి. మీ ఊరి చివర పొదల్లో అక్షరాలున్న రాయి కనబడితే దాన్ని కదపకండి. మీ మాస్టారిని వెంటబెట్టుకెళ్లి చూపించండి.