ఉత్తరం రాసేవారు, ఛానల్ మార్చేవారు: అమెరికా కన్సర్వేటివ్ టీవీ వ్యాఖ్యాన కార్యక్రమాల్లో ప్రేక్షకుల వాదన

ఫాక్స్ న్యూస్‌లో బిల్ ఓరైలీ నడిపిన ‘ది ఓరైలీ ఫ్యాక్టర్’ గంటసేపు సాగే కార్యక్రమం. ఆ గంట చివర్లో ఆయన ప్రేక్షకుల ఉత్తరాలు చదివేవాడు. ఉత్తరంలోంచి రెండు మూడు వాక్యాలు, రాసినవారి పేరు, ఊరు తెరమీద అక్షరాల్లో కనపడేవి. ఓరైలీ ఒక్క ముక్కలో జవాబిచ్చి తర్వాతి ఉత్తరం అందుకునేవాడు. పేరూ ఊరూ రాయండి, క్లుప్తంగా రాయండి అని రోజూ గుర్తుచేసేవాడు. పైగా ఎవరూ వాడని ఒక పదాన్ని నిఘంటువులోంచి రోజుకొకటి ఏరి తెచ్చి, మాకు రాసేటప్పుడు ఇలా మాత్రం ఉండకండి అని చమత్కరించేవాడు. తిట్టుకైనా ఒక కొలత, ఒక మర్యాద పెట్టారన్నమాట.

ఆ ఉత్తరాలు వామపక్షానికీ కన్సర్వేటివ్‌లకూ మధ్య జరిగిన యుద్ధమనుకుంటే పొరపాటు. డెమోక్రాట్లు రాసినవీ ఉండేవి, కాదనలేం. కానీ అసలు వేడి ఇంటి లోపలిది. ఓరైలీ బరాక్ ఒబామాను 2008 సెప్టెంబరులోనూ, మళ్లీ 2011, 2014 సూపర్ బౌల్ రోజుల్లోనూ ఇంటర్వ్యూ చేశాడు. అలాంటి ఇంటర్వ్యూ ఒకరికి అమర్యాదగా తోస్తే, ఇంకొకరికి మెత్తగా తోస్తుంది. ఇద్దరూ తిడుతున్నారు కాబట్టి నేను సరైన చోటే ఉన్నాను అన్నది ఓరైలీ ధోరణి. ప్రేక్షకుల ప్రశ్న అది కాదు. ఈయన ఇంకా మనవాడేనా, కాడా? ఈ వ్యాసం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఈ ప్రేక్షకుల మీద జరిగిన పరిశోధన ఎక్కువగా వాళ్లను ఓటర్లుగానే లెక్కపెట్టింది. స్టెఫానో డెల్లావిన్యా, ఈథన్ కాప్లాన్‌ల 2007 నాటి వ్యాసం అందులో అందరూ ఉదాహరించేది. ఫాక్స్ అన్ని ఊళ్ల కేబుల్‌లోకి ఒకేసారి రాలేదు. ఆ తేడాను ఆసరా చేసుకుని, 1996కీ 2000కీ మధ్య 9,256 ఊళ్లలో ఓట్లు ఎటు మళ్లాయో వాళ్లు చూశారు. ఛానల్ అందిన ఊళ్లలో రిపబ్లికన్ ఓటు 0.4 నుంచి 0.7 శాతం పాయింట్లు పెరిగిందని తేల్చారు. లెక్క గట్టిదే. అయితే టీవీ ముందు కూర్చున్న మనిషి ఏ మాటకు తలూపాడో, ఏ మాటకు మొహం చిట్లించాడో అందులో లేదు. అలాంటి సంగతులు పట్టుకోవడానికి బ్రిటన్‌లో డేవిడ్ మోర్లీ ‘నేషన్‌వైడ్’ టీవీ కార్యక్రమాన్ని రకరకాల బృందాలకు చూపించి, వాళ్ల మాటలు వింటూ 1980లో తన పుస్తకం తెచ్చాడు. బ్యాంకు మేనేజర్లు, కార్మిక సంఘాల ప్రతినిధులు ఒకే కార్యక్రమాన్ని రెండుగా చదివారని అందులో చూపించాడు.

పూర్వరంగం రెండు మాటల్లో. 1949 నుంచి అమెరికాలో రేడియో, టీవీ స్టేషన్లు వివాదాస్పద అంశాల్లో భిన్నాభిప్రాయాలకు చోటివ్వాలన్న నియమం ఉండేది. 1987లో ప్రభుత్వ నియంత్రణ సంస్థే దాన్ని ఎత్తేసింది. ఆ రద్దే ఫాక్స్‌ను పుట్టించిందని తరచూ వినిపించే మాట సగమే నిజం. ఆ నియమం గాలి తరంగాలు వాడుకునే స్టేషన్లది, ఫాక్స్ న్యూస్ కేబుల్ ఛానల్. రద్దువల్ల నేరుగా దారి దొరికింది రేడియోకి. మరుసటేడే రష్ లింబా కార్యక్రమం దేశమంతా వినపడటం మొదలైంది. లింబా టీవీ కార్యక్రమాన్ని 1992 నుంచి 1996 దాకా నిర్మించిన రోజర్ ఐల్సే, రూపర్ట్ మర్డోక్ పెట్టుబడితో 1996 అక్టోబరు 7న ఫాక్స్ న్యూస్‌ను తెరమీదికి తెచ్చాడు.

అంతకు ముప్పై ఏళ్ల క్రితమే విలియం ఎఫ్. బక్లీ ‘ఫైరింగ్ లైన్’ మొదలుపెట్టాడు. 1966 నుంచి 1999 దాకా నడిచిన ఆ కార్యక్రమంలో ఎదురు ప్రశ్న వేసేవాళ్లకు స్టూడియోలోనే కుర్చీ ఉండేది. అతిథితో బక్లీ వాదన సాగాక, పక్కన కూర్చున్న ప్రశ్నకర్తలు, చాలాసార్లు విద్యార్థులు, అతిథినీ అడిగేవారు, బక్లీనీ నిలదీసేవారు. తన ‘నేషనల్ రివ్యూ’ పత్రికలో పాఠకుల కోపతాపాలకు ఆయనే స్వయంగా జవాబులు రాసేవాడు. చందా రద్దు చేయమన్న పాఠకుడికి, ఆ పనేదో నువ్వే చేసుకో అన్న అర్థంలో ఇచ్చిన జవాబు 2007లో ఆ ఉత్తరాల సంకలనానికి పేరయింది. అలా అనగలిగిన ధీమా ఎక్కడిది? ‘ఫైరింగ్ లైన్’ 1971లో ప్రజా ప్రసార వ్యవస్థలోకి వెళ్లింది. అక్కడ ప్రకటనల గొడవ లేదు. చూసేవాడు అలిగి వెళ్లిపోతే ఆ సాయంత్రానికి పోయే సొమ్మేమీ లేదు.

ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో చేసిన ఒక విభజన ఇక్కడ పనికొస్తుంది. సంస్థ తీరు నచ్చనివాడికి రెండు దారులు: గొంతెత్తడం, తప్పుకోవడం. ఏ దారి ఎప్పుడు పట్టాలో అతనికున్న విధేయత నిర్ణయిస్తుంది. నా వాదన ఏమిటంటే, వాణిజ్య కేబుల్‌లోని కన్సర్వేటివ్ వ్యాఖ్యాన కార్యక్రమం గొంతును అలంకారంగా వాడుకుంది, తప్పుకోవడాన్ని మాత్రమే ఆజ్ఞగా తీసుకుంది. ఆ సంగతి ప్రేక్షకులూ త్వరగానే కనిపెట్టారు.

అయితే గొంతెత్తేవాడు ఏం విన్నాడో ముందు తెలియాలి. ఓరైలీని అనుకరిస్తూ స్టీఫెన్ కోల్బేర్ 2005 నుంచి 2014 దాకా ఒక వ్యంగ్య కార్యక్రమం నడిపాడు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన హెదర్ లమార్, క్రిస్టెన్ లాండ్రెవిల్, మైకేల్ బీమ్ ఆ కార్యక్రమంలోని ఒక భాగాన్ని 332 మందికి చూపించి, 2009లో ఫలితాలు ప్రచురించారు. నవ్వు వచ్చిందా అంటే అందరికీ వచ్చింది, అందులో తేడా లేదు. కన్సర్వేటివ్ భావాలు బలంగా ఉన్నవారు మాత్రం, కోల్బేర్ పైకి హాస్యమాడుతున్నా లోపల అన్న మాటలన్నీ మనస్ఫూర్తిగానే అంటున్నాడని అనుకున్నారు. చూసేవాడు వ్యాఖ్యాత మాటల కంటే ముందు అతని పక్షం తేల్చుకుంటాడని నాకు దీంట్లో కనిపిస్తుంది. తనను గేలి చేస్తున్నవాడిలో కూడా తనవాణ్ణి వెతుక్కోగలడు.

న్యాయస్థానాలు ఊహించిన ప్రేక్షకుడు దీనికి పూర్తి భిన్నం. 2018 డిసెంబరులో ఫాక్స్ వ్యాఖ్యాత టక్కర్ కార్ల్‌సన్ తన కార్యక్రమంలో చేసిన వ్యాఖ్యలు తన పరువు తీశాయని మాజీ మోడల్ కరెన్ మెక్‌డూగల్ ఫాక్స్ మీద దావా వేసింది. 2020 సెప్టెంబరులో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి మేరీ కే విస్కోసిల్ దాన్ని కొట్టేశారు. ఆ కార్యక్రమం తీరు తెలిసిన, ఇంగితమున్న ప్రేక్షకుడు ఆ మాటలను అతిశయోక్తిగానే తీసుకుంటాడు తప్ప వాస్తవ ప్రకటనగా తీసుకోడన్నది తీర్పు సారాంశం. ఇది ఒక్క పక్షానికి దక్కిన సౌకర్యం కాదు. ఎంఎస్ఎన్‌బీసీలో రేచల్ మాడో మీద వచ్చిన దావాలో 2021లో అప్పీలు కోర్టు ఇలాంటి తర్కంతోనే ఆమె పక్షాన తీర్పిచ్చింది. చట్టపరంగా ఇది అర్థం చేసుకోదగ్గదే. సామాజిక శాస్త్రంగా మాత్రం నిలబడదు. ఎనిమిది గంటలకు టీవీ పెట్టేవాడు ఇది నిజమా, అతిశయోక్తా అని త్రాసు పట్టుకుని కూర్చోడు. మనింట్లో ఏ ఛానల్ మోగుతోందో విని పార్టీ చెప్పేసే తెలుగువాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

నమ్మకం కదలనిది కాదు కూడా. డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా 2020 సెప్టెంబరులో కొందరు ఫాక్స్ ప్రేక్షకులకు గంటకు 15 డాలర్లిచ్చి, వారానికి ఏడు గంటల దాకా సీఎన్ఎన్ చూడమన్నారు. నెల తిరిగేసరికి కొన్ని విషయాల్లో వాళ్ల అభిప్రాయాలు మారాయి. ట్రంప్ ఏదైనా తప్పు చేస్తే ఫాక్స్ బయటపెడుతుందన్న నమ్మకమూ తగ్గింది. డబ్బు ఆగాక తిరిగి ఫాక్స్ వైపే మళ్లారు, ఆ మార్పుల్లో చాలావరకు చెరిగిపోయాయి. తమ ఛానల్ ఏదో దాస్తుందని తోచినా విధేయత సడలలేదు.

మనిషి మారినా అంతే. మహిళలు చేసిన వేధింపుల ఫిర్యాదులను ఓరైలీ, కంపెనీ కలిసి సొమ్ములిచ్చి సద్దుమణిగించారని 2017 ఏప్రిల్ 1న ‘న్యూయార్క్ టైమ్స్’ రాసింది. ప్రకటనదారులు వరసగా జారుకున్నారు, 19న ఓరైలీని ఫాక్స్ సాగనంపింది, 24న ఆయన నడిపిన రాత్రి ఎనిమిది గంటల వేళకు కార్ల్‌సన్ వచ్చాడు. మూడువారాల్లో ఇంత జరిగింది. ఓరైలీ అభిమానులు ఎంత రుసరుసలాడినా ఆ వేళను వదల్లేదు. సరిగ్గా ఆరేళ్లకు, 2023 ఏప్రిల్ 24న కార్ల్‌సన్‌నూ పంపించేశారు. ఈసారి ప్రేక్షకుల సంఖ్య దారుణంగా పడింది. జూలైలో జెసీ వాటర్స్‌ను కూర్చోబెట్టాక క్రమంగా కోలుకుంది.

ఛానల్‌ను నిజంగా భయపెట్టిన ఘట్టం ఒక్కటే. అధ్యక్ష ఎన్నిక జరిగిన 2020 నవంబరు 3 రాత్రి 11:20కి ఫాక్స్ ఎన్నికల విభాగం అరిజోనా బైడెన్‌దేనని ప్రకటించింది. మిగతా ఛానళ్లు ఇంకా ఆగే ఉన్నాయి. ఆ ప్రకటన చివరికి నిజమే అయింది, బైడెన్ 10,457 ఓట్ల తేడాతో గట్టెక్కాడు. నిజమైనందుకు ప్రేక్షకులు మెచ్చుకోలేదు, మోసం చేశారన్నారు. చాలామంది మరో కన్సర్వేటివ్ ఛానల్ న్యూస్‌మ్యాక్స్‌కు మారిపోయారు. డిసెంబరు 7న అక్కడి గ్రెగ్ కెల్లీ కార్యక్రమం, ప్రకటనదారులకు కీలకమైన 25–54 ఏళ్ల విభాగంలో అదే వేళ నడిచే ఫాక్స్ కార్యక్రమాన్ని మించిపోయింది. ఆ విభాగంలో కెల్లీకి వచ్చినవాళ్లు సుమారు 2,29,000 మంది. అమెరికా లెక్కలో అదేమంత పెద్ద సంఖ్య కాదు, కానీ సరిపోయింది.

ఓటింగ్ యంత్రాల కంపెనీ డొమినియన్ ఫాక్స్ మీద వేసిన పరువునష్టం దావాలో ఆనాటి లోపలి సందేశాలు బయటికొచ్చాయి. ట్రంప్ ట్వీటును సొంత ఛానల్ విలేకరి ఒకరు నిజనిర్ధారణ చేస్తే, ఆమెను తీసెయ్యాలి, షేరు ధర పడిపోతోంది అని కార్ల్‌సన్ సహచరులకు రాశాడు. ట్రంప్ ఓటమి ఓట్ల చోరీవల్లేనన్న కథను లోపల కొట్టిపారేసినవాళ్ల ఛానల్లోనే బయట ఆ కథ చెప్పేవాళ్లకు కుర్చీ వేశారు. ఎన్నేళ్లు ఉత్తరాలు రాసినా దక్కని అధికారం రిమోట్ నొక్కిన కొద్దివారాల్లో దక్కింది. దాన్ని ప్రేక్షకులు వాడుకున్నది అబద్ధం వినిపించమని. ఇక్కడ హిర్ష్‌మన్ నమూనా తడబడుతుంది. తప్పుకునేవాళ్ల వల్ల సంస్థ తన లోపం దిద్దుకుంటుందని ఆయన ఆలోచన. ఇక్కడ దిద్దుకున్నది లోపాన్ని కాదు, ఒప్పును.

2023 మార్చిలో డెలావేర్ జడ్జి ఎరిక్ డేవిస్, డొమినియన్ గురించి చెప్పినవి అబద్ధాలేనని విచారణకు ముందే తేల్చారు. ఇదంతా అభిప్రాయమే అన్న సాకును ఒప్పుకోలేదు. మెక్‌డూగల్ కేసులో కాపాడిన ప్రేక్షకుడు ఈసారి ఫాక్స్‌కు అక్కరకు రాలేదు. ఏప్రిల్ 18న 78.75 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. తెరమీద క్షమాపణ చెప్పాలన్న షరతు అందులో లేదు. సొమ్ము ముట్టింది యంత్రాల కంపెనీకి. ప్రేక్షకులు ఆ దావాలో కక్షిదారులు కారు. వాళ్లు విన్నది అబద్ధమని వాళ్లకు చెప్పాల్సిన బాధ్యత ఆ రాజీ ఎవరిమీదా పెట్టలేదు.