కిరాయికి వచ్చిన సినిమా

వీడియో లైబ్రరీలను ఓటీటీలు మింగేశాయన్న మాట అమెరికాకు కొంత అతుకుతుంది. 1985లో డల్లాస్‌లో మొదలైన బ్లాక్‌బస్టర్ 2010లో దివాలా తీసింది. పోస్టులో డీవీడీలు పంపే కంపెనీగా 1997లో పుట్టిన నెట్‌ఫ్లిక్స్ 2007 నుంచి ఇంటర్నెట్‌లో కూడా సినిమాలు చూపసాగింది. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో మాత్రం ఈ లెక్క కుదరదు. నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో అడుగుపెట్టింది 2016 జనవరిలో. అప్పటికే ఇక్కడి క్యాసెట్ షాపులు చాలావరకు మూతబడ్డాయి. అవి అసలు కిరాయికిచ్చింది సినిమాను కాదు, దాన్ని ఆడించే యంత్రాన్ని. చావుకు కారణం కూడా అక్కడే వెతకాలి.

జపాన్‌కు చెందిన జేవీసీ 1976లో వీహెచ్ఎస్‌ను తెచ్చింది. 1982 ఢిల్లీ ఏషియాడ్‌తో మనకు కలర్ టీవీ వచ్చింది. కరీంనగర్ వైపు గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల సామానులో వీసీఆర్ ఉండేది. పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీలు వలసపోయింది మట్టిపనికి. ఆ సంపాదన అప్పుల కిందికే సరిపోయేది. అందుకే టీవీ, డెక్కు, మూడు నాలుగు క్యాసెట్లు కలిపి రాత్రికింత అని కిరాయికి తేవడం, వాడంతా చందాలు వేసుకొని తెల్లవార్లు చూడటం. కాపీరైట్ చట్టం కూడా ఈ వ్యాపారాన్ని ఎదగనివ్వలేదు. అమెరికాలో క్యాసెట్ కొన్నవాడు దాన్ని కిరాయికివ్వడానికి నిర్మాతను అడగనక్కర్లేదు. అందుకే అక్కడ గొలుసు దుకాణాలు లేచాయి. ఇక్కడ 1984 సవరణ దొంగ క్యాసెట్లకు జైలుశిక్షను కఠినం చేసింది, 1994 సవరణ ఒకసారి అమ్మిన కాపీని కిరాయికిచ్చే హక్కును కూడా నిర్మాత చేతిలోనే ఉంచింది. సగం చాటుమాటు వ్యాపారంలో పెద్ద పెట్టుబడి ఎవరు పెడతారు?

పైరసీయే చంపిందంటారు కొందరు. కానీ దొంగ కాపీలు మొదటి రోజు నుంచీ ఉన్నాయి. చాలా షాపులు బతికిందే వాటితో. మొదటి దెబ్బ కేబుల్‌ది. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. కేబుల్ ఆపరేటర్ రాత్రికో సినిమా వేస్తుంటే క్యాసెట్‌కు కిరాయి కట్టేదెవరు? తరువాత వీసీడీ ప్లేయర్ చవకైంది. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ వీసీడీని 28 రూపాయలకే అమ్మింది. ఆ ధరకు సొంతమయ్యేదాన్ని కిరాయికి తెచ్చి మళ్లీ ఇచ్చిరావడం దండగ. ఆపైన సెల్‌ఫోన్ షాపులు చిప్పులో సినిమాలు ఎక్కించాయి. 2016 సెప్టెంబరులో చవక ఇంటర్నెట్‌తో జియో వచ్చేసరికి ఓటీటీ పడగొట్టడానికి ఇక్కడ షాపు మిగిలిందెక్కడ?

నలుగురూ కలిసి చూసే అలవాటు ఓటీటీతోనే పోయిందనడమూ తొందరపాటే. వాడంతా ఒకచోట కూర్చున్నది ప్రేమకొద్దీ మాత్రమే కాదు, ఉన్నది ఒక్క టీవీ కాబట్టి. ఇంటింటికీ టీవీ రాగానే ఎవరిల్లు వారిదైంది. ఓటీటీ మీద వేయదగ్గ నింద వేరే ఉంది. హక్కుల గడువు తీరితే అక్కడి సినిమా మాయమవుతుంది. క్యాసెట్ అరిగేదాకా అరలో ఉండేది, డిస్కు కొన్నవాడి ఇంట్లో ఉండేది. ఇప్పుడు పాత తెలుగు సినిమా ఒకటి ఏ ఓటీటీలోనూ, యూట్యూబ్‌లోనూ లేదంటే, డబ్బు పెట్టి న్యాయంగా తెచ్చుకుందామన్నా నల్లగొండ బజారులో దాన్ని అమ్మేవాళ్లు దొరకడం కష్టం.