గుంటూరు గ్రహణం నుంచి శ్రీహరికోట చిట్టి ఉపగ్రహాల దాకా

1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. సూర్యబింబం పూర్తిగా మరుగైన ఆ కొద్ది నిమిషాల్లో, అంచున ఎగసిన ఎర్రటి జ్వాలల కాంతిని వర్ణపటదర్శినిలో రేఖలుగా చూశాడు. ఆ రేఖలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా కనిపిస్తాయని ఆయనకు తోచింది. మర్నాడు పరికరం చీలికను సూర్యుడి అంచుకు సరిగ్గా సర్ది చూస్తే అవే రేఖలు మళ్లీ కనిపించాయి. ఆ జ్వాలలను చూడడానికి ఇక గ్రహణం కోసం కాచుకోనక్కర్లేదని గుంటూరులోనే తేలింది. సౌరశాస్త్ర చరిత్రలో ఆ పట్టణానికి రావలసినంత పేరు రాలేదు.

అయితే నేల మీది పరికరాలకు ఒక హద్దుంది. సూర్యుడి ఎక్స్ కిరణాలను వాతావరణం పైనే పీల్చేసుకుంటుంది. వాటిని కొలవాలంటే పరికరమే పైకి వెళ్లాలి. 1975 ఏప్రిల్ 19న సోవియట్ గడ్డ నుంచి ఎగిరిన 360 కిలోల భారత ఉపగ్రహం ఆర్యభటలో సూర్యుడి న్యూట్రాన్లు, గామా కిరణాల కోసం ఒక ప్రయోగం ఉంది. విద్యుత్ సరఫరా దెబ్బతినడంతో అది కొద్ది రోజులకే ఆగిపోయింది.

తర్వాతి చరిత్ర శ్రీహరికోటది. 2011 ఏప్రిల్ 20న అక్కడి నుంచి వెళ్లిన యూత్‌శాట్ బరువు 92 కిలోలు. భారత, రష్యా విద్యార్థుల భాగస్వామ్యంతో తయారైన ఈ ఉపగ్రహంలో రష్యా పరికరం సౌర విస్ఫోటాలను గమనిస్తే, భారత పరికరాలు భూమి పై వాతావరణాన్ని పరిశీలించాయి. కారణాన్నీ ఫలితాన్నీ ఒకే గూటి నుంచి చూడాలన్న ఈ ఆలోచనే అన్నిటికన్నా విలువైనది.

2022 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున 1,710 కిలోల ఈఓఎస్-04తో కలిసి వెళ్లిన ఇన్‌స్పైర్‌శాట్-1 మరీ చిన్నది, 8.1 కిలోలే. తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ, అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం, సింగపూర్, తైవాన్ విశ్వవిద్యాలయాలు కలిసి చేసిన పని ఇది. అందులో ఒక పరికరం సూర్యుడి వెలుపలి పొర కరోనా విపరీతంగా వేడెక్కడానికి కారణం వెతుకుతూ సూర్యుడి ఎక్స్ కిరణాలను కొలిచింది. రెండోది భూమి పై వాతావరణంలోని విద్యుదావేశ పొర అయిన అయనావరణాన్ని పరిశీలించడానికి పెట్టింది.

ఆదోని, ఎమ్మిగనూరు జనాల ఫోన్లకు దారి చూపే జీపీఎస్ సంకేతాలు దిగివచ్చేది ఆ అయనావరణం గుండానే. దక్షిణ భారతం భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. పొద్దుగూకాక ఇక్కడ ఆ పొరలో బుడగల్లాంటి ఖాళీలు ఏర్పడి సంకేతాలను చెదరగొడతాయి. సౌర తుపాన్లు ఈ తీరును ఒక్కోసారి పెంచుతాయి, ఒక్కోసారి అణచేస్తాయి. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచే బయల్దేరిన ఆదిత్య-ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన సూర్యుణ్ణి గమనిస్తోంది. అయనావరణాన్ని దాని లోపలి నుంచే కొలవడానికి మాత్రం భూమిని దగ్గరగా చుట్టే ఉపగ్రహాలే కావాలి.